మొహమాటపు పట్టు

మా కోనసీమ వాళ్ళను కింద పడెయ్యడం చాలా కష్టం. వాళ్ళకు బలం ఎక్కువై కాదు. మనం పడేసే లోపే, మనం ఎక్కడ నొచ్చుకుంటామోనని, వాళ్ళే పడిపోతారు. ఈ సంగతి తెలుసుకోవడానికి నేను విశాఖపట్నం దాకా వెళ్ళి, పదిమందిలో పరువు పోగొట్టుకోవలసి వచ్చింది.

నా పేరు నాగవల్లి. కొత్తపేటలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. కాగితాల మీద నా ఉద్యోగానికి ఇంకా పెద్ద పేరే ఉంది కానీ ఊళ్ళో ఎవరూ దాన్ని వాడరు. పుట్టింది పలివెలలో, వేదం చెప్పుకునే ఇంట్లో. ఆ ఇంట్లోంచి మెడలో ఈల వేసుకున్న ఆడది ఎలా వచ్చిందా అని మా అన్నయ్య కాశీవిశ్వనాథం ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఈ మధ్య మానేశారు. ఏభై దగ్గర పడ్డాక ఆ ప్రశ్న దానంతటదే రాలిపోతుంది. అమ్మ నా దగ్గరే ఉండేది. పోయిన కార్తీకంలో అమ్మ పోయింది. అప్పటినుంచి మేడ మీద వాటాలో నేనూ నా కోపమూ కాపురం చేస్తున్నాం.

నా కోపం సంగతి ఊరంతటికీ తెలుసు. స్కూల్లో నేను ఈల ఊదితే, కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు కూడా తననే అనుకుని దిగి నిలబడతాడు. పిల్లలకు నేనంటే భయం. పిల్లల తల్లులకు గౌరవం. గౌరవమంటే ఏమిటో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. గుమ్మంలోకి వస్తారు, నమస్కారం పెడతారు, కూర్చోమంటే కూర్చోరు, వెళ్ళిపోతారు.

కొన్నేళ్ళ క్రితం వేసవిలో డ్రిల్లు టీచర్లందరినీ శిక్షణ కోసం విశాఖపట్నం పిలిచారు. అక్కడ ఐకిడో అనే జపాను వాళ్ళ విద్య ఒకటి చూపించారు. నేర్పినాయన సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు, నేవీలో చేసి రిటైరైన మనిషి. ఆయన పేరు పూర్తిగా పలికే లోపు ఆయన ఒకరిని పడేసి, మళ్ళీ లేపి, మంచినీళ్ళు కూడా ఇచ్చేవారు. అందులో కొట్టడం లేదు, తన్నడం లేదు. నాకు అదే నచ్చింది. కోపిష్టి మనిషికి కోపం అక్కరలేని విద్య దొరకడం అదృష్టమనుకున్నాను. ఆ తర్వాత ప్రతి వేసవికీ వెళ్ళి ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

వాటన్నిటిలో నాకు బాగా పట్టుబడింది మణికట్టు తిప్పి పడేసే పద్ధతి. ఎదుటి మనిషి మన చెయ్యి పట్టుకుంటుంది. లాక్కోకూడదు, విదిలించుకోకూడదు. పక్కకు తిరిగి, ఆ పట్టు ఊడకుండానే, ఆమెను ఆమెకు తెలియకుండా ముందుకు రప్పించాలి. ఆమె బరువు కాలి వేళ్ళ మీదికి వచ్చిన క్షణం నుంచి ఇక ఆమెను నిలదొక్కుకోనివ్వకూడదు. రేవులో ఒక కాలు పడవ మీదా ఒక కాలు గట్టు మీదా ఉన్న మనిషిని చూడండి, సరిగ్గా ఆ స్థితిలో ఉంచాలి. పడవలోకి రానివ్వకూడదు, గట్టూ ఎక్కనివ్వకూడదు. అప్పుడు ఆమె మణికట్టును బయటి వైపుకి, వెనకాల కాలు ఆనని మూలకి తిప్పితే, ఎంత లావు మనిషైనా చాప మీద ఉంటుంది. మధ్యలో రెప్పపాటు ఆగామా, ఆమె కాలు సర్దుకుంటుంది. ఆ తర్వాత ఎంత మెలిపెట్టినా నొప్పే కానీ పడటం ఉండదు.

ఇందులో ఒకటే చిక్కు. ఒక్కరే చేసుకునే విద్య కాదిది. యోగాకైతే చాప చాలు, పరుగుకైతే కాలవ గట్టు చాలు. దీనికి మన చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి. నాకు జీవితంలో ఏది దొరకదో సరిగ్గా దాని మీదే ఆధారపడ్డ విద్యను ఏరి కోరి నేర్చుకున్నాను. ఏం చేస్తాం, కొందరి తెలివి అలా ఉంటుంది.

ఆదివారం పొద్దున్నపూట స్కూలు వరండాలో పీచు పరుపులు పరిచి, మీద టార్పాలిన్ బిగించి, నేర్పుతానని ఊళ్ళో చెప్పాను. మొదట్లో వరండా సరిపోలేదు. తర్వాత ఒకరికి పెళ్ళి కుదిరింది, ఒకరికి పరీక్షలొచ్చాయి, ఒకరి అత్తగారికి నడుంనొప్పి వచ్చింది. మానేస్తున్నామని ఒక్కరూ చెప్పలేదు. మా వైపు అలా చెప్పరు. వచ్చే వారం వస్తామండి అంటారు, అంతే. చివరికి ఒక్కతే మిగిలింది, రమ్యశ్రీ.

రమ్యశ్రీ కొత్తపేట సెంటర్లో ఒక ల్యాబులో పరీక్షలకు రక్తం తీస్తుంది. వాళ్ళమ్మ నూకాలమ్మ కొబ్బరి కొట్లో కాయ ఒలుస్తుంది. మొగుడు గంగబాబు మస్కట్‌లో డ్రైవరు. పెళ్ళయిన కొత్తలో వెళ్ళినవాడు ఒకసారి వచ్చి మళ్ళీ వెళ్ళాడు. బస్సులో ఎవడో వెధవ చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో చెప్పమని మొదటిసారి నా దగ్గరకు వచ్చింది. అది ఆ పూటే నేర్పేశాను. అయినా మళ్ళీ వచ్చింది. ఆదివారం ల్యాబు ఆలస్యంగా తెరుస్తారట, అందాకా ఖాళీయేనంది. తర్వాత రాని ఆదివారం లేదు.

ఆ పిల్ల పట్టు చూడాలి. దాడి చెయ్యవే అంటే, నరం ఎక్కడుందో వెతుకుతున్నట్టు నా మణికట్టును రెండు వేళ్ళతో అందుకునేది. గట్టిగా పట్టుకోమంటే మూడో వేలు కలిపేది. పైగా నొప్పెట్టిందాండీ అని అడిగేది. నా మీద దాడికి వచ్చిన మనిషి నన్నే కుశలమడిగేది. నేను పక్కకు తిరిగేదాన్ని. తిరగడం పూర్తయ్యే లోపే అమ్మా అంటూ వాలిపోయి, టార్పాలిన్ మీద చప్పుడయ్యేలా పడేది.

"ఆయ్, పడిపోయేనండి," అనేది కింద నుంచి.

బాగా పడ్డావే అని చెయ్యిచ్చి లేపేదాన్ని. చున్నీ దులుపుకుని, మళ్ళీ వచ్చి, మళ్ళీ రెండు వేళ్ళతో పట్టుకునేది. తన వంతు వచ్చినప్పుడు నన్ను పడెయ్యమంటే మాత్రం ససేమిరా అనేది. పెద్దవారు, పైగా పలివెల వేదం పంతులుగారి అమ్మాయిగారు, మిమ్మల్ని పడేస్తే మా అమ్మ అన్నం పెట్టదండి అని నవ్వేది. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. నా విద్య అంత గొప్పగా పండిందనీ, ఇలా వేలు తగిలితే అలా మనిషి పడుతోందనీ మురిసిపోయేదాన్ని. అతి వినయం ధూర్త లక్షణమని నాన్నగారు ఎన్నిసార్లు అన్నారో. ఆ మాట ఆదివారాలు మాత్రం గుర్తుకు రాలేదు.

ఒక మాట దాచకుండా చెప్పేస్తాను. వారం మొత్తం మీద నన్ను ఒక మనిషి ముట్టుకునేది ఆ ఆదివారం పూటే. అమ్మ ఉన్నప్పుడు, లేచినా కూర్చున్నా నా చెయ్యి పట్టుకునేది. నడవడానికి పట్టుకునేది, నిద్రలో పట్టుకునేది, విసుక్కున్నా వదిలేది కాదు. అమ్మ పోయాక ఆ చేతికి పని లేకుండా పోయింది. కిరాణా కొట్టువాడు సరుకు బల్ల మీద పెడతాడు. పిల్లలు చేతులు కట్టుకుని దూరంగా నిలబడతారు. మా వదిన మడి కట్టుకుని గుమ్మం అవతలి నుంచే పలకరిస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా నేను మనుషుల మధ్యనే తిరుగుతాను కానీ ఎవరికీ తగలను. రమ్యశ్రీ రెండు వేళ్ళ పట్టు నాకు ఎంత అవసరమో నాకప్పుడు తెలియదు.

దసరా సెలవల్లో విశాఖపట్నంలో నల్ల బెల్టు పరీక్ష పెడుతున్నారని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఫోను చేశారు. మోకాలు ఇప్పటికే మొరాయిస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇక లేనట్టే. రమ్యశ్రీని తోడు రమ్మన్నాను. ల్యాబులో సెలవు దొరకలేదు. మీకు నేనెందుకండీ, ఎవరు పట్టుకున్నా పడేస్తారు అంది. ఆ మాట నిజమేనని నమ్మి ఒక్కదాన్నే బస్సెక్కాను.

పరీక్షలో నాకు జోడీగా ప్రణవి అనే ఇంజనీరింగ్ పిల్లను నిలబెట్టారు. సన్నగా ఉంది, కళ్ళజోడు కూడా ఉంది. పిల్లకు దెబ్బ తగులుతుందేమో, కాస్త చూసి పడెయ్యాలి అనుకున్నాను. ప్రణవి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అయిదు వేళ్ళతో పట్టుకుంది. నేను అలవాటు ప్రకారం పక్కకు తిరిగాను. తిరిగి చూసేసరికి ఆ పిల్ల నిలబడే ఉంది. మణికట్టు తిప్పాను. నిలబడే ఉంది. మళ్ళీ మొదటినుంచి చేశాను. మళ్ళీ నిలబడే ఉంది, పైగా నాకేమైనా ఒంట్లో బాగోలేదా అన్నట్టు చూస్తోంది.

అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు.

"ఏమ్మా, పడవేం?" అన్నాను.

"మీరు పడెయ్యలేదు కదా మేడమ్," అంది ఆ పిల్ల. వెటకారంగా కాదు, నిజంగానే సందేహం తీరుస్తున్నట్టు అంది.

హాల్లో ఎవరో నవ్వి, దగ్గులో కలిపేశారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు లేచి వచ్చి తనే నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ చెయ్యమన్నారు. చేశాను. ఆయనా నిలబడే ఉన్నారు. నేను తిరిగాక ఆగుతున్నానని నెమ్మదిగా చెప్పారు. ఎదుటి మనిషి పడటానికి టైమిస్తున్నానట. పట్టు అందిన దగ్గర్నుంచి పడేదాకా మనిషిని కాలు ఆననివ్వకుండా తేల్చి ఉంచడమే ఈ పని అంతానట, నేను సరిగ్గా ఆ పనే మరిచిపోయానట. ఇంటి దగ్గర ఎవరితో సాధన చేస్తున్నారని అడిగారు. చెప్పాను. ఆ అమ్మాయి మీ ఊరమ్మాయేనా అన్నారు. అవునన్నాను. ఆయన కాసేపు నవ్వాపుకున్నారు.

"మాదీ ఆ వైపేనండి, రాజోలు," అన్నారు. "మొహమాటానికి పడేవాళ్ళ దగ్గర నేర్చుకున్నది మొహమాటస్థుల దగ్గరే పనిచేస్తుందండి. నిజంగా పట్టుకునే మనిషిని చూసుకుని వచ్చే ఏడాది రండి."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట కూడా గెలవలేదని రచ్చలో తెలిసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, విశాఖపట్నం నుంచి రావులపాలెం దాకా బస్సులో కూర్చుని రమ్యశ్రీనే తిట్టుకున్నాను. ఆ పిల్ల ఒక్కసారి, ఒక్క ఆదివారం, నిజంగా నిలబడి ఉంటే నాకు తెలిసేది కదా. వేదం పంతులుగారి అమ్మాయినట. ఆ మర్యాద నా చెయ్యి విరిచింది. కొత్తపేట బస్సు మారేటప్పటికి కోపం కొంచెం చల్లారింది. నిలదీసి, రెండు చివాట్లు పెట్టి, ఇక మీదట సరిగ్గా పట్టుకోమని చెబుదామనుకున్నాను. అంతటితో పోయేదే.

మర్నాడు బజారుకు వెళ్తుంటే కొబ్బరి కొట్టు దగ్గర నూకాలమ్మ పిలిచింది. గుణపం పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, పరీక్ష ఎలా అయిందండీ అని ఆప్యాయంగా అడిగింది. అయింది అన్నాను. పుల్లవిరుపుగా అన్నానని ఆవిడ గ్రహించలేదు.

"మా పిల్ల మీ గురించి ఒకటే చెప్తాదండి," అంది. "ఒంట్లో బాగోకపోయినా ఆదివారం మానదండి. నేనే పంపుతానండి. పాపం టీచరుగారికి ఎవరున్నారే, అమ్మగారు కూడా పోయేరు, నువ్వెళ్ళి నాలుగుసార్లు పడొస్తే నీ సొమ్మేం పోయింది అంటానండి."

ఆవిడ మనసులో ఇసుమంత కల్మషం లేదు. నా గురించి మంచి మాట చెబుతున్నాననే అనుకుంది. నేను సరే నూకాలమ్మా అని, బజారుకు వెళ్ళకుండా ఇంటికి తిరిగి వచ్చేశాను. పరీక్షలో పోయిన పరువు వేరు. అది నల్ల బెల్టుకు సంబంధించినది. ఇది వేరు. ఊళ్ళో ఇద్దరు ఆడకూతుళ్ళు కూర్చుని, నా ఒంటరితనానికి మందుగా నాలుగు పడటాలు రాసిచ్చారు. నేను అది తెలియక, బాగా పడ్డావే అని మెచ్చుకుంటూ వచ్చాను. ఏడుపు వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు కనక ఏడ్చాను.

ఆ ఆదివారం నేను స్కూలుకు వెళ్ళలేదు. వరండా తాళం నా దగ్గరే ఉంది. రమ్యశ్రీ అక్కడ చూసి, ఇంటికి వచ్చింది. మెట్ల కింద నిలబడి టీచరుగారండీ అని పిలిచింది. నేను వంటింటి కిటికీ పక్కన, పాతికేళ్ళుగా పిల్లలకు ధైర్యం నూరిపోసిన డ్రిల్లు టీచర్ని, గోడకు అంటుకుని నిలబడ్డాను. ఇంకోసారి పిలిచింది. మెట్ల దగ్గర నా చెప్పు ఒకటి తిరగబడి ఉన్నట్టుంది. తిరగబడ్డ చెప్పు ఇంట్లో తగవు తెస్తుందంటారు. ఆ పిల్ల వంగి, దాన్ని తిన్నగా పెట్టి, రెండోదాని పక్కకు జరిపి, వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం రాలేదు. వస్తుందని నేను ఎదురుచూడలేదని చెబితే అబద్ధం.

కిటికీ ఊచకు తువ్వాలు కట్టి, దాన్ని మనిషి చెయ్యి అనుకుని సాధన మొదలుపెట్టాను. తువ్వాలుకు మొహమాటం లేదు. కానీ బరువూ లేదు, కాళ్ళూ లేవు. దాన్ని తేల్చి ఉంచడానికి ఏముంది? అది ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది. ఒక సాయంత్రం ఊరికే నా ఎడమ మణికట్టును నా కుడిచేత్తో గట్టిగా పట్టుకుని చూశాను. మన చెయ్యి మనం పట్టుకుంటే పట్టుకున్నట్టుండదు. ఎప్పుడు వదులుతామో మనకు ముందే తెలిసిపోతుంది. దీపం కూడా పెట్టకుండా అలాగే కూర్చున్నాను. జాలో గీలో, ఆ రెండు వేళ్ళైనా ఉంటే బాగుండుననిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

షుగరు చూపించుకోమని డాక్టరు ఎప్పటినుంచో పోరుతున్నాడు. ఒకరోజు పరగడుపునే ల్యాబుకు వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఊళ్ళో ఇంకో ల్యాబు మా ఇంటికి దగ్గర. రమ్యశ్రీ నన్ను చూసి లేచి నిలబడింది. పేరు, వయసు అందరినీ అడిగినట్టే అడిగింది. నా మోచేతి పైన రబ్బరు గొట్టం బిగించింది. పిడికిలి బిగించమంది. నరం కోసం రెండు వేళ్ళతో తట్టి చూసింది. అదే పట్టు. ఆ పట్టు నా ఒక్కదాని కోసం కాదని, రోజూ పొద్దున్న ఆ బల్ల ముందు కూర్చున్న ప్రతి మనిషికీ అంతేనని అప్పుడు అర్థమైంది. మనుషులకు నొప్పి తెలియకుండా చెయ్యి పట్టుకోవడమే ఆ పిల్ల బతుకుతెరువు.

సూది గుచ్చింది. "నొప్పెట్టిందాండీ?" అంది.

"నా మీద జాలిపడి పడేదానివా?" అన్నాను.

రమ్యశ్రీ తల ఎత్తలేదు. సూది నుంచి గొట్టంలోకి రక్తం వస్తుంటే దానివంకే చూసింది.

"ఆయ్," అంది.

మా వైపు ఆయ్ అనేది ఊపిరి లాంటిది. వింటున్నామనడానికీ ఆయ్, వినడం లేదనడానికీ ఆయ్. ఆ పిల్ల నాతో ఎన్ని వేలసార్లు ఆయ్ అని ఉంటుందో. కానీ నిజంగా అవును అనే అర్థంతో అన్నది మాత్రం ఇదొక్కటే. నాకు కోపం రాలేదు. ఎదురుగా ఒక మనిషి గట్టిగా నిలబడినట్టనిపించింది.

"మొదట్లో అండి," అంది మళ్ళీ. "అమ్మ చెప్పిందని. తర్వాత్తర్వాత అందుక్కాదండి."

మరెందుకని అడిగాను. సూది తీసి, దూది పెట్టి, నా చెయ్యి మడిచింది. అయినా చెయ్యి వదల్లేదు.

"పడ్డాక మీరు చెయ్యిచ్చి లేపుతారు కదండి," అంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరి చేతులూ నేనే పట్టుకుంటానండి. నా చెయ్యి ఎవరు పట్టుకుంటారండి? ఆయన ఫోన్లోనే కదండి ఉంటారు. అందుకని తొందరగా పడిపోయేదాన్నండి."

బల్ల అవతల ఎవరో ముసలాయన తన వంతు కోసం దగ్గుతున్నాడు. ఇన్నాళ్ళూ వరండాలో నేనొక్కదాన్నే ఆకలితో ఉన్నాననుకున్నాను. నా పక్కనే ఇంకో మనిషి అదే ఆకలితో, పడుతూ లేస్తూ, అడగడానికి మొహమాటపడి, పీచు పరుపు మీద నడుం విరగ్గొట్టుకుంటోంది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూడా ఆ సంగతి చెప్పుకోలేదు.

"ఆదివారం రా," అన్నాను చివరికి. "గట్టిగా పట్టుకో. నేను పడేస్తే తప్ప పడకు."

రమ్యశ్రీ దూది మీద ప్లాస్టరు అంటించింది.

"పడకపోతే లేపరు కదండి," అంది.

ముందు రా అని చెప్పి, వచ్చేశాను.

వచ్చింది. గాజులు తీసి కిటికీలో పెట్టింది, చున్నీ నడుముకు చుట్టింది. ఎదురుగా నిలబడి, ఒకసారి ఊపిరి పీల్చి, నా ఎడమ మణికట్టు పట్టుకుంది. కాయలొలిచే నూకాలమ్మ కూతురని ఊరికే అనరు. ఎముక మీద ఎముక పడింది. నొప్పెట్టిందాండీ అని అలవాటుగా నోరు తెరిచి, నా మొహం చూసి మూసుకుంది. నేను తిరిగాను. నిలబడే ఉంది. మణికట్టు తిప్పాను. నిలబడే ఉంది. ఆ పిల్ల కళ్ళలో భయం, నేను ఏమంటానోనని.

"ఆగేరండి," అంది. "తిరిగేక ఆగేరండి."

మళ్ళీ చేశాను. మళ్ళీ ఆగానంది. ఇంకోసారి కాలు తప్పుగా వేశాననీ, ఇంకోసారి చెయ్యి ముందే లాగేశాననీ చెప్పింది. చెప్పేకొద్దీ గొంతులో జంకు తగ్గింది. చెమటలు కారిపోతున్నాయి. మోకాలు నొప్పి. నా చెయ్యి ఎర్రగా కందిపోయింది. అయినా ఆ పిల్ల పట్టు సడలించలేదు. ఒక్కసారి మాత్రం, ఎలా కుదిరిందో, నేను తిరుగుతుంటే ఆమె మడమ నేల వదిలింది. బరువు ముందుకు వచ్చింది. ఒక కాలు పడవలో ఒక కాలు గట్టున. అది నా చేతికి తెలిసింది. తెలిసిన సంబరంలో నేను ఆగిపోయాను, ఆమె కాలు సర్దుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"వచ్చేసిందండి," అంది రమ్యశ్రీ. "ఇంకొంచెంలో పడేదాన్నండి, నిజంగానండి."

ఆ పూటంతా ఒక్కసారి కూడా పడలేదు. ల్యాబుకు వేళయింది. పరుపులు చుట్టాలి. నేను ఓపిక లేక టార్పాలిన్ మీద కూలబడ్డాను. ఆ పిల్లా నా ఎదురుగా కూర్చుంది. చెయ్యి ఇంకా వదల్లేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను. మరిచిపోలేదు.

"వదలమంటారాండీ?" అంది.

"అప్పుడే వద్దు," అన్నాను.

అలాగే కూర్చున్నాం. కొబ్బరి లారీ ఒకటి రోడ్డు మీద వెళ్ళింది. తర్వాత ఇద్దరం ఒకరి మణికట్టు ఒకరం పట్టుకుని, ఒకరి బరువు ఒకరం లాక్కుని, ఒకేసారి లేచాం. పడకుండానే లేపడం కుదిరింది.

మర్నాటికి నా ఎడమ చేతి మీద నాలుగు వేళ్ళూ బొటనవేలూ నల్లగా తేలాయి. స్టాఫ్ రూములో తెలుగు టీచరు అచ్చయమ్మ గారు చూసి కంగారు పడ్డారు. ఎవరండీ అంత గట్టిగా పట్టుకున్నారు అని అడిగారు. మా రమ్యశ్రీ అన్నాను. మా అన్న మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ మందు రాసుకోమన్నారు. రాసుకోలేదు. గడియారం కుడిచేతికి మార్చుకున్నాను. వారం మధ్యకు ఆ గుర్తులు పచ్చబడ్డాయి, తర్వాత పసుపు రంగుకు తిరిగాయి. శనివారం సాయంత్రం గుమ్మంలో దీపం పెట్టి, దాని వెలుగులో చెయ్యి చాపి వెతుక్కుంటే, బొటనవేలి గుర్తు ఒక్కటే కాస్త మిగిలి ఉంది. రేపు ఆదివారమని గుర్తొచ్చి లోపలికి వెళ్ళాను.